తెగాల్సిన దారం

మా పటాలం చరిత్ర మీద అచ్చయిన పుస్తకాలు నా దగ్గర నాలుగున్నాయి. నాలుగూ ఇంగ్లీషే. నేను బడిలో చదివింది ఐదో తరగతి. మిగతా చదువంతా సైన్యం నుంచి వచ్చాక, రాయచోటిలో ఒక ఆఫీసులో అటెండరుగా ఉన్న కాలంలో, సాయంత్రం పూట గ్రంథాలయంలో నిఘంటువు పక్కన పెట్టుకొని నేర్చుకున్నదే. ఆ నాలుగు పుస్తకాల్నీ అట్ట నుంచి అట్ట దాకా చదివాను. వాటిలో విమానం నుంచి దూకినవాళ్ళున్నారు. దూకమని ఆజ్ఞ ఇచ్చినవాళ్ళున్నారు. వంతెన పట్టుకున్నవాళ్ళు, పతకాలు తగిలించుకున్నవాళ్ళు ఉన్నారు. ఒక పెద్ద ఆఫీసరు పెంచుకున్న కుక్క కూడా ఉంది, ఫొటోతో సహా. పారాచూట్లు మడిచినవాళ్ళు మాత్రం లేరు. ఒక్క వాక్యం లేదు. పారాచూట్లు చెట్లకు కాస్తే కోసుకొచ్చి వీపున కట్టుకున్నట్టు రాశారు.

నేను మడిచినవాణ్ణి.

యాభై ఏళ్ళుగా ఇదే కోపం. ఆ పుస్తకాలు రాసినవాళ్ళకు ఉత్తరాలు రాశాను. ఒకరికి తెలుగులో, ఇద్దరికి నా ఇంగ్లీషులో. జవాబు లేదు. ఇప్పుడు మా ఊళ్ళో మోటారు సైకిళ్ళ మీద రెక్కలున్న పారాచూట్ బొమ్మ అంటించుకొని తిరుగుతున్నారు. అదేమిటో తెలుసా అని ఒకణ్ణి ఆపి అడిగాను. "స్టైలు తాతా" అన్నాడు. టీవీ పెడితే సైన్యం గురించి అరుపులే, తుపాకి ఎప్పుడూ చేతబట్టనివాళ్ళ అరుపులు. ఇదంతా తిట్టుకుంటూనే ముసలివాణ్ణయ్యాను. పోయిన నెల బేతంచెర్లలో ఒక బండ ముందు నిలబడినప్పుడు, ఇన్నేళ్ళూ ఆ కోపం దేనిని కప్పి పెట్టుకొని ఉందో నా నోటితో నేనే చెప్పాల్సి వచ్చింది. ఆ సంగతే రాస్తున్నాను.

ముందు పటాలం గురించి. అది తెల్లవాళ్ళ కాలంలో, పెద్ద యుద్ధంలో పుట్టింది. ఆకాశం నుంచి దూకడానికని తయారు చేసిన మనుషుల్ని బర్మా సరిహద్దు కొండల్లో నేల మీదే పోరాడమన్నారు. నీళ్ళు లేని ఒక గుట్ట మీద రోజుల తరబడి శత్రువును ఆపారు. పైనుంచి దించిన సరుకుల్లో చాలావరకు శత్రువు వైపే పడింది. దూకడం నేర్చుకున్నవాళ్ళు ఒక్కసారి కూడా దూకకుండానే చాలామంది అక్కడ మట్టిలో కలిశారు. ఆ యుద్ధంలో పట్టు దొరక్క, సామాను దించడానికి జనపనారతో పారాచూట్లు నేయించారట. పుస్తకంలో ఆ మాట ఉంది. ఎవరు నేశారో లేదు. ఆ పేజీ దగ్గర నేను పెన్సిల్‌తో పెట్టిన ప్రశ్న గుర్తు ఇప్పటికీ ఉంది.

స్వతంత్రం వచ్చాక ఆ పటాలానికి పేరు ఇంకా పెరిగింది. మెరూన్ రంగు టోపీ పెట్టుకొని బజారులోకి వస్తే మిగతా పటాలాలవాళ్ళు పక్కకు జరిగేవాళ్ళు. దాంట్లో చేరాలని వచ్చినవాళ్ళలో ఎక్కువమంది పరీక్ష తట్టుకోలేక వెనక్కి పోయేవాళ్ళు. నాకు ఎవరూ పరీక్ష పెట్టలేదు. కడపలో సైన్యంలోకి తీసుకున్నప్పుడు మీ ఇంట్లో ఏం పని చేస్తారని అడిగారు. మగ్గం అన్నాను. బట్ట తెలుసా అన్నారు. బట్ట తప్ప ఏమీ తెలియదన్నాను. కొన్నాళ్ళకు పారాచూట్లు మడిచే హాల్లో ఉన్నాను. ఆ టోపీ మాకూ ఇచ్చారు గానీ పటాలం లెక్కలో మేము లేము. మేము సామాను డిపోవాళ్ళం.

ఆ హాలు చూసిన మొదటి రోజు మా వీధి గుర్తొచ్చింది. పొద్దున్నే పడుగు సాచి గంజి పట్టిస్తారే, అంత పొడవు బల్లలు. మాటలు లేవు, చెప్పులు లేవు, ఫ్యాను లేదు. బల్ల మీద గుడ్డను పాయ పాయగా పరిచి, దుమ్ము ధూళి చూసి, తాళ్ళు చిక్కు పడకుండా సర్ది సంచిలోకి ఎక్కించాలి. చివర ఒక చీటీ మీద మడిచినవాడు సంతకం చేయాలి. అక్కడ ఒక ఆచారం ఉండేది. ఏ రోజైనా ఆఫీసరు వచ్చి ఒక మూట చూపించి ఇది ఎవరిదని అడుగుతాడు. ఎవరి సంతకముంటే వాడు అదే మూట వీపున కట్టుకొని విమానం ఎక్కి దూకాలి. అట్లా నేను మూడుసార్లు దూకాను. మా హాల్లో దేవుడి పటం ఉండేది కాదు. ఆ ఆచారమే చాలు.

ఇప్పుడు దారం సంగతి. మనిషి దూకగానే విమానానికి కట్టిన తాడు అతని వీపు మీది సంచిని విప్పి, పారాచూట్‌ను బయటికి లాగుతుంది. ఆ తాడుకూ పారాచూట్ నడినెత్తికీ మధ్య ఒక సన్నటి దారం కడతారు. గుడ్డ పూర్తిగా బయటికి వచ్చేదాకా ఆ దారం పట్టి ఉంచాలి. వచ్చిన మరుక్షణం తెగిపోవాలి. తెగితేనే గుడ్డ విచ్చుకొని మనిషి మెల్లగా దిగుతాడు. తెగడానికి మొండికేస్తే గుడ్డను నడినెత్తిన పట్టి గుంజి చింపేస్తుంది.

మగ్గం గుంటలో పెరిగినవాడికి ఇది ఎంత కష్టమో చెప్తాను. మా నాయన జీవితమంతా ఒకటే పని, పోగు తెగకుండా చూడడం. తెగితే మగ్గం ఆగాలి, వంగి అతకాలి, మళ్ళీ నడపాలి. "ఒంటి పోగును నమ్మొద్దురా" అని రోజూ అనేవాడు. అంచు దగ్గర ఎప్పుడూ రెండు పోగులే పోసేవాడు. హాల్లో చేరిన మొదటి వారంలోనే నా వేళ్ళు నాకు చెప్పకుండా ఆ దారాన్ని రెండు పేటలు చేశాయి. మా హవల్దారు గఢ్వాల్ కొండల మనిషి. చూసి విప్పించాడు. "ఇది తెగడానికే పుట్టింది. దీని ప్రాణం కాపాడితే దూకినవాడి ప్రాణం తీస్తావు" అన్నాడు హిందీలో. ఆ తర్వాత చాలాకాలం తప్పు చేయలేదు.

పటాలంలో మన సీమవాడు ఒకడున్నాడు. ఓర్వకల్లు పక్క పల్లె, సేద్యం చేసే ఇల్లు, ఇంటికి పెద్దకొడుకు. మనిషి ఆరడుగులు. నన్ను మగ్గం అని పిలిచేవాడు. దూకే రోజు పొద్దున్నే హాలు గుమ్మం దగ్గరికి వచ్చేవాడు.

"ఏం మగ్గం, ఈ పొద్దు ఎన్ని చీరలు నేస్తివప్పా?"

"నీకొకటి నేసినా. కట్టుకోని దూకు."

"రంగు బాగల్యా. మాయమ్మ చూస్తే వాపసు ఇమ్మంటాది."

నేను మడిచినదే కావాలని పట్టుబట్టేవాడు. ఎందుకురా అంటే, "వేరేవాళ్ళది కట్టుకోని అది సరిగ్గా తెరుచుకోకపోతే, పైనుంచి తిట్టేదానికి నాకు వాళ్ళ భాష రాదు గదప్పా" అనేవాడు.

తూర్పున కొత్త దేశం పుట్టిన యుద్ధం వచ్చింది. రోజుల తరబడి మడిచాం. నా వేళ్ళ కొసలు పగిలి, గుడ్డకు నెత్తురు అంటకుండా పట్టీలు చుట్టుకున్నాను. మూటలు లారీకెక్కించే ముందు రోజు అతను వచ్చాడు. ఆ రోజు చీర మాట ఎత్తలేదు. బల్ల పక్కన నిలబడి నా చేతిలో ఉన్న దారాన్ని చూశాడు.

"దీని మీదనా నన్ను ఇడిసేది? మా దున్నపోతు ముక్కుతాడు దీనికి పదింతలుంటాది."

"అది తెగాల సామీ. తెగితేనే నువ్వు దిగేది."

"తెగేదేదో తెగందేదో నీకు తెల్సులే. చూసి కట్టప్పా. మా నాయనకు నేను పెద్దోణ్ణి."

అంతే, వెళ్ళిపోయాడు. నేను ఆ దారం వైపు చూశాను. అన్నాళ్ళూ వందల మూటలకు కట్టిన దారమే. ఆ పూట అది మరీ ఒంటిగా కనిపించింది. హవల్దారు చెప్పింది గుర్తుంది. నాయన చెప్పింది కూడా గుర్తుంది. అలసట వల్ల జరిగిందని చెప్పుకోవచ్చు. యాభై ఏళ్ళు నాకు నేను అదే చెప్పుకున్నాను. అది అబద్ధం. తెలిసే చేశాను. రెండు పోగుల్ని మైనం పెట్టి పేనాను. మా ఇంట్లో గంజి పెట్టి పేనే పద్ధతిలో పేనితే రెండూ ఒకటిగా కనిపిస్తాయి. తనిఖీ చేసే అతను వేలితో తడిమి సరే అన్నాడు. చీటీ మీద సంతకం చేశాను. మిగతావాళ్ళందరికీ సైన్యం చెప్పినట్టు కట్టి, నా మనిషికి మాత్రం మా నాయన చెప్పినట్టు కట్టాను.

వాళ్ళు దూకారు. గెలిచారు. అది పుస్తకాల్లో ఉంది, దాన్ని మళ్ళీ నేను రాయనక్కరలేదు.

అతను ఆసుపత్రిలో ఉన్నాడని తెలిసి వెళ్ళాను. ఎడమ కాలు రెండు చోట్ల విరిగింది, తొడ దాకా కట్టు. పారాచూట్ నడినెత్తి నుంచి చినిగిందట. చినిగిన గుడ్డ బరువు ఆపలేక వేగంగా నేలకు కొట్టిందట. నేను మంచం పక్కన ఉండగానే ఒక ఆఫీసరు కాగితం పట్టుకొని వచ్చి ఎట్లా జరిగిందని అడిగాడు. అతను నా వైపు చూశాడు. తర్వాత ఆఫీసరుతో హిందీలో చెప్పాడు, కింద నుంచి తూటా తగిలి గుడ్డ చినిగింది సార్ అని. ఆఫీసరు రాసుకొని పోయాడు.

"మగ్గం, నీళ్ళు పొయ్యప్పా" అన్నాడు నాతో.

పోశాను. అంతకుమించి ఆ విషయం మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడలేదు. తూటా పెట్టే చినుగు చిన్న చిల్లు. ముడి పట్టి గుంజితే నడినెత్తి నుంచి పాయ పొడుగునా పోతుంది. పైకి చూసినవాడికి తేడా తెలిసే ఉంటుంది. వాళ్ళు దిగిన చేలల్లో పడి ఉన్న పారాచూట్లను అక్కడి పల్లెవాళ్ళు కోసి బట్టలు కుట్టుకున్నారని తర్వాత విన్నాను. మగ్గంవాణ్ణి, గుడ్డ ఒంటికి చేరిందంటే సంతోషించాలి. సంతోషించాను. ఇంక ఎవరూ దాన్ని పరీక్షించలేరని కూడా సంతోషించాను.

కుంటి కాలితో ఇంటికి వచ్చాడు. సేద్యం చేయలేక బేతంచెర్లలో బండలు పాలిష్ పట్టే ఒక ఫ్యాక్టరీలో కూర్చొని చేసే పని చూసుకున్నాడు. పెళ్ళయింది. నేను ఏడాదికి ఒకసారి రైలెక్కి పోయేవాణ్ణి. వానల గురించి, బండల దుమ్ము గురించి, మోకాళ్ళ గురించి మాట్లాడుకునేవాళ్ళం. ఆయన భార్య జొన్నరొట్టె, ఎర్రకారం పెట్టేది. ఈలోగా ఆసుపత్రిలో పుట్టిన తూటా తన దారిన తాను నడిచింది. గుడ్డకు తగిలిన తూటా మెల్లగా కాలికి చేరింది. జెండా పండగల్లో మైకులో చెప్పారు, పేపర్లో వేశారు. ఆయన కుర్చీలో కూర్చొని వినేవాడు. ఔననలేదు, కాదనలేదు. పోయిన ఏడాది పోయాడు.

ఆయన తమ్ముడు ఇప్పుడు మండలంలో పెద్దమనిషి. పొలం ఫ్యాక్టరీలకు పోయాక రాజకీయం పట్టుకున్నాడు. రెండు నెలల కింద కారులో మా ఇంటికి వచ్చాడు. ఊరి ముందర అన్న పేరుతో బండ నిలబెడుతున్నామని, దాని మీద రాసే మాటలు నేను దిద్దాలని ఫోను చూపించాడు.

"ఆ పటాలం మనిషి మన పక్క మిగిలిండేది నువ్వొక్కడివే అన్నా. తప్పులుంటే నవ్వుతారు."

చదివాను. శత్రువు తూటా కాలిని చీల్చినా ముందుకే ఉరికిన సింహం అని ఉంది.

"తూటా ఎవరు చూసినారప్పా?"

"అదేం మాట? అన్న చెప్పె గదా."

"కాలికి తగిలిందని మీ అన్న నీతో చెప్పెనా?"

"చెప్పల్యా. కాదని గూడా అనల్యా."

"మరి తీసెయ్యి."

"తీసేస్తే బండ మీద ఇంగేముంటాదన్నా? పడినాడు, కాలిరిగింది అని రాయాల్నా? మా కొట్టంలో గూడా పడతారు జనాలు, దానికి బండలు పాతుతామా?"

బేతంచెర్ల రా, చెక్కేముందు చూద్దువులే అని వెళ్ళిపోయాడు. ఆ నెలా నేను సరిగ్గా తినలేదు. అబద్ధపు చరిత్రలు రాస్తారని లోకాన్నంతా తిట్టినవాణ్ణి. ఇప్పుడు ఒక అబద్ధం బండకెక్కబోతుంటే దాన్ని దిద్దే పని నాదే, దాన్ని పుట్టించిందీ నేనే.

వెళ్ళాను. రేకుల షెడ్డు, లోపల పాలిష్ మిషన్ల హోరు, అందరి కనుబొమల మీదా తెల్ల దుమ్ము. చెక్కే అతను బండను రెండు దిమ్మెల మీద పడుకోబెట్టి అక్షరాలు పెన్సిల్‌తో గీసి ఉంచాడు. తమ్ముడున్నాడు. పోయినాయన భార్య ఆటోలో దిగింది. ఆమెకు చదువు రాదు.

"ఏం గీసినారో చదువన్నా, ఇంటాను" అంది నాతో.

గట్టిగా చదివాను. తూటా దగ్గరికి రాగానే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"యాభై ఏండ్లు ఆ కాలికి నూనె రుద్దినా. తూటా మచ్చ యాడుండాదో నాకే కనపడల్యా, మీకు కనపడెనా?"

"వదినా, నువ్వు ఊరకుండు" అన్నాడు తమ్ముడు.

"ఊరకుండే పనే చేస్తిని ఇన్నేండ్లు. అన్నా, నువ్వాడుంటివి గదా. ఏమయ్యిందో నువ్వన్నా చెప్పు. ఆ మనిషి చెప్పకుండానే పాయె. ఎన్నిసార్లు అడిగినా పక్కకు తిరిగి పండుకుంటాండె."

అప్పుడే కరెంటు పోయింది. మిషన్లు ఒక్కసారిగా ఆగాయి. హోరులో చెప్పొచ్చులే అనుకున్న మాట ఆ నిశ్శబ్దంలో చెప్పాల్సి వచ్చింది. దారం సంగతి చెప్పాను. ఒక పోగు కట్టాల్సిన చోట రెండు కట్టానని, తెలిసే కట్టి చీటీ మీద సంతకం చేశానని చెప్పాను.

"రెండు పోగులా" అంది.

"ఆ."

"ఆ మనిషికి తెల్సునా?"

"తెల్సుననే అనుకుంటా అమ్మా. నా కోసమే తూటా అని చెప్పినాడు."

ఆమె కొంగు మీద పడిన దుమ్ము దులుపుకుంది. చాలాసేపు దులిపింది.

"ఏటా వస్తాంటివి. రొట్టె చేస్తిని. తింటివి."

"తింటిని."

"మెట్లెక్కితే ఈ భుజం పట్టుకుంటాండె. చూడు, ఈ పక్క కిందికి దిగుండాది." నిజంగానే దిగి ఉంది. అన్నేళ్ళు పోయి వచ్చినవాణ్ణి, అది ఎప్పుడూ చూడలేదు. "చెప్పి నువ్వు తేలికైతివి. ఇంగ నేనేం మోసుకోని పోవల్ల ఇంటికి?"

 

చెక్కే అతను గొంతు సవరించుకున్నాడు. "కరెంటొస్తే మొదలు పెడతాను. ఏం పెట్టమంటారు?"

"తూటా మాట తుడుసు" అందామె.

తడిగుడ్డతో ఆ వరుస తుడిచాడు. బండ నడుమ ఖాళీ మిగిలింది. తమ్ముడు నెత్తి పట్టుకున్నాడు. "వదినా, జనాలకు ఏం చెప్పల్ల?"

"ఆ మనిషి దూకె. అది రాసుండాది గదా, సాలు." తర్వాత నా వైపు తిరిగింది. "మడిచినోళ్ళు చీటీ మీద సంతకం పెడతారని చెప్తివే ఇప్పుడు. దీని మీద గూడా పెట్టు."

చెక్కే అతను పెన్సిల్ నా చేతికిచ్చాడు. బండ అడుగున, పారాచూట్ మడిచినది అని రాసి, పక్కన నా పేరు రాశాను. ఏ పుస్తకంలో వెతికినా కనపడలేదని యాభై ఏళ్ళు గొణుక్కున్న మాట అది.

"సైజు ఎంత పెట్టాలి పెద్దాయనా?"

"చిన్నగా పెట్టు నాయనా."

"చిన్నగ వద్దు" అందామె. "నాకైతే చదువు రాదు. చదివేటోళ్ళకు కనపడల్ల."

తమ్ముడు వంగి చూశాడు. మొహం కాస్త తేరుకుంది. "ఇది బాగానే ఉండాదిలే. చదివినోళ్ళు గౌరవమనే అనుకుంటారు. నువ్వు చెప్పిన కత మాత్రం ఈ షెడ్డు దాటి పోగూడదన్నా, చెప్తాండా."

కరెంటు వచ్చింది. ఆమె ఆటో ఎక్కింది. ఎప్పుడూ రైలు టైముకు ఇంకా శానా ఉండాది, తినిపో అన్నా అనేది. ఆ రోజు అనలేదు. స్టేషన్లో ఒక బన్ను తిని కూర్చున్నాను.

వచ్చే ఆదివారం బండ నిలబెడుతున్నారు. తమ్ముడు ఫోను చేశాడు. నాకు శాలువా కప్పుతారట. వీరుడి వెనక వీరుడు అని ఫ్లెక్సీ కూడా వేయిస్తున్నారట, మెరూన్ టోపీ ఫొటో ఉంటే పంపమన్నాడు. పంపలేదు. రెండు ముక్కలు మాట్లాడమని మైకు కూడా ఇస్తారట. ఆమె ముందు వరుసలో కూర్చుంటుంది. ఈ కాగితాలు జేబులో పెట్టుకొని పోతున్నాను.